బ్రిడ్జ్ పికప్ ఒక్కటి మారిస్తే చాలు

మీ స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటార్‌లో బ్రిడ్జ్ పికప్ (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే పికప్‌లలో, తీగల కింది చివర ఉండే బ్రిడ్జ్ పక్కనున్నది) శబ్దం చెవిలో గుచ్చుకుంటోందనీ, యాంప్‌లో గెయిన్ (సిగ్నల్ బలం) పెంచితే హోరు వస్తోందనీ, మూడు సింగిల్ కాయిళ్లూ (ఒకే రాగి చుట్ట ఉండే పికప్‌లు) మార్చేయాలా అనీ అడిగారు. తొందరపడకండి. ముందు స్క్రూడ్రైవర్ తీసుకోండి. చివరి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర తీగ నొక్కి పట్టి, పికప్ అయస్కాంతానికీ తీగకూ మధ్య సందు చూడండి. రెండు మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే పికప్‌ను కాస్త దించండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగుతుంది, స్వరం వణుకుతుంది. నా గిటార్‌లో సగం కరుకుదనం దీంతోనే పోయింది.

హోరు మాత్రం దించినా పోదు. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దాన్ని సింగిల్ కాయిల్ ఏరియల్‌లా పట్టేస్తుంది. గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్ దీనికి మందు: ఎదురెదురు దిశల్లో పనిచేసే రెండు కాయిళ్లలో హోరు ఒకదానికొకటి కొట్టుకుపోతుంది, తీగల నాదం మాత్రం కలుస్తుంది.

కాబట్టి బ్రిడ్జ్ స్థానంలో సింగిల్ కాయిల్ సైజు హంబకర్ వేయండి. చెక్క తొలచనక్కర్లేదు. ఔట్‌పుట్ మధ్యస్థంగా ఉన్నదే తీసుకోండి. మరీ ఎక్కువైతే మిగతా రెండూ దాని పక్కన నీరసంగా వినిపిస్తాయి. 250 కిలో ఓముల వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగం) అలాగే ఉంచండి, మీరు చెప్పిన కరుకుదనాన్ని అదే తగ్గిస్తుంది. నాలుగు వైర్ల మోడలే కొనండి. మధ్య పికప్‌తో కలిపినప్పుడు శబ్దం పల్చబడితే, హంబకర్ సిగ్నల్, గ్రౌండ్ వైర్లు తారుమారు చేస్తే సరిపోతుంది. షీల్డ్ వైరును మాత్రం గ్రౌండ్‌కే ఉంచండి.