స్టెంట్ వేశారు సరే, రెండోసారికి డబ్బు ఎక్కడుంది?

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 58 వేలు వస్తుంది. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. అమ్మానాన్నలు ఖమ్మంలో ఉంటారు, వాళ్లకు రేషన్ కార్డు ఉంది. నాన్నకు 54 ఏళ్లు, కిరాణా కొట్టు నడుపుతారు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, సిగరెట్లు తాగేవారు. ఐదు నెలల క్రితం తెల్లవారుజామున ఛాతీలో మంటగా ఉంటే గ్యాస్ అనుకుని మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉన్నారు. తర్వాత దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళితే గుండెపోటు అన్నారు, ఒక స్టెంట్ వేశారు. మరో రక్తనాళంలో 60 శాతం బ్లాక్ ఉంది, ప్రస్తుతానికి మందులతో చూద్దామన్నారు. బిల్లు 3.6 లక్షలు. మా కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులకు లక్ష వచ్చింది. నా దగ్గరున్న 50 వేలు పెట్టాను. లక్షన్నర మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను, 60 వేలు క్రెడిట్ కార్డు మీద గీశాను. ఇప్పుడు నాన్న బాగానే ఉన్నారు. మందుల ఖర్చు ఎక్కువవుతోందని రక్తం పలచబడే మాత్ర ఒకటి మానేశారు. నెలకు 8 వేలు మ్యూచువల్ ఫండ్ సిప్, 10 వేలు చీటీ కడుతున్నాను. ఈ నెల చీటీ పాడితే 4.2 లక్షలు చేతికొస్తుంది. షాద్‌నగర్ దగ్గర 12 లక్షల ప్లాటుకు 20 వేలు టోకెన్ అడ్వాన్స్ ఇచ్చాను. చీటీ డబ్బులో 4 లక్షలు కట్టి, మిగతా 8 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకోవాలనుకుంటున్నాను. చేతి అప్పు మెల్లగా తీర్చవచ్చు కదా? నాన్నకు కొత్త హెల్త్ పాలసీ కూడా తీసుకుందామంటే, స్టెంట్ సంగతి ఫారంలో రాయక్కర్లేదని ఏజెంట్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: ముందు డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఇది చదవగానే నాన్నగారి కార్డియాలజిస్టుకు ఫోన్ చేసి, ఏ మాత్ర మానేశారో, ఎన్ని రోజులైందో చెప్పండి. గుండెపోటు వచ్చి స్టెంట్ వేసినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు రాస్తారు. సాధారణంగా ఏడాది దాకా రెండూ వాడాలంటారు, ఆ తర్వాత ఒకటి కొనసాగుతుంది. మధ్యలో సొంతంగా ఆపేస్తే స్టెంట్ లోపలే రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. అది మొదటిదానికంటే ప్రమాదకరం. నెలకు కొన్ని వందలు మిగులుతాయని మాత్ర మానేసిన ఇంట్లోనే నెలనెలా వేలల్లో వడ్డీ కడుతున్నారు. ఖర్చు భారమైతే జన ఔషధి కేంద్రంలో అదే మందు దొరుకుతుందేమో, మార్చి వాడవచ్చేమో డాక్టరునే అడగండి. మానేయడం మాత్రం వద్దు.

మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇంట్లో ఒకరికి గుండెపోటు వచ్చి, స్టెంట్ పడి, మనిషి లేచి తిరుగుతుంటే ‘గండం గడిచింది’ అనుకుని మళ్లీ ప్లాట్ల వైపు, షేర్ల వైపు వెళ్లిపోయే కుటుంబాలు చాలా ఉన్నాయి. అసలు జబ్బు ఏమిటో అర్థమైతే ఈ పొరపాటు జరగదు.

గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనుల లోపలి గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. షుగర్, బీపీ, పొగాకు, చెడు కొలెస్ట్రాల్ ఆ గోడలను దెబ్బతీస్తూ దీన్ని పెంచుతాయి. నాన్నగారికి వీటిలో రెండు ఉన్నాయని మీరే రాశారు, మిగతా రెండింటి సంగతి రిపోర్టుల్లో చూడండి. ఒకరోజు ఆ కొవ్వు పొర చిట్లుతుంది. దాని మీద నిమిషాల్లో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు. అప్పటినుంచి అవతలి కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ కానీ, బెలూన్‌తో దారి తెరిచి స్టెంట్ వేయడం (యాంజియోప్లాస్టీ) కానీ ఎంత త్వరగా జరిగితే అంత కండరం మిగులుతుంది. ఆసుపత్రి గడప తొక్కిన 90 నిమిషాల్లోపు నాళం తెరవాలన్నది డాక్టర్లు పెట్టుకునే లెక్క. మీ ఇంట్లో గ్యాస్ అనుకుని పోయిన గంటలు ఆ లెక్కలోకి రావు, అవి అంతకుముందే పోయాయి. కండరం ఎక్కువ దెబ్బతింటే గుండె పంపింగ్ తగ్గుతుంది. ఆయాసం, కాళ్ల వాపు, మళ్లీ మళ్లీ అడ్మిషన్లు, ప్రతిదానికీ ఒక బిల్లు. డిశ్చార్జి సమ్మరీలో ఎకో రిపోర్టు దగ్గర ‘ఈఎఫ్’ అని, గుండె పంపింగ్‌ను చెప్పే ఒక శాతం రాసి ఉంటుంది. అది ఎంతో, దాని అర్థమేమిటో ఈసారి వెళ్లినప్పుడు డాక్టరును అడగండి. ముందుముందు ఖర్చు ఎలా ఉండబోతోందో కొంత అంచనా దొరుకుతుంది.

స్టెంట్ ఆ ఒక్క చోట దారి తెరుస్తుంది. మిగతా నాళాల్లో కొవ్వు అలాగే ఉంటుంది. మీ నాన్నగారి విషయంలో 60 శాతం బ్లాక్ అని కాగితం మీదే ఉంది. మందులు, సిగరెట్ మానడం, షుగర్ అదుపు, నడక కుదిరితే అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. కుదరకపోతే ఇంకో యాంజియోప్లాస్టీ, లేదా బైపాస్. అంటే మీ ఇంటికి రెండో బిల్లు రావచ్చని డాక్టరు ముందే చెప్పారు. మీరు దాన్ని విని ప్లాటుకు అడ్వాన్స్ ఇచ్చారు.

ఆ ప్లాటు లెక్క చూద్దాం. 8 లక్షల పర్సనల్ లోన్ 13 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 18,200. చీటీ పాడాక కూడా మిగిలిన నెలలు 10 వేలు కట్టాల్సిందే. చేతి అప్పు మీద నెలకు 4,500 వడ్డీ. కార్డు మీద నెలకు మూడున్నర శాతం చొప్పున 2,100. అన్నీ కలిపి 34,800. మీ 58 వేలల్లో మిగిలేది 23,200. సిప్, చీటీ, వడ్డీలు పోను ఇప్పుడు మీ ఇంటి ఖర్చు 33,400 అవుతోంది. సిప్ ఆపేసినా నెలకు 10 వేలు తక్కువ పడుతుంది. ఆ లోటు మళ్లీ కార్డు మీదకే వెళుతుంది. ఈలోపు ఖమ్మం నుంచి ఫోన్ వస్తే ఏం చేస్తారు? ప్లాటును రాత్రికి రాత్రి అమ్మలేరు. మళ్లీ ఆ మూడు రూపాయల మనిషి దగ్గరికే వెళతారు, ఈసారి ఐదు రూపాయలంటాడు.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. కార్డు 42 శాతం. వీటిని ‘మెల్లగా తీర్చడం’ అనే మాటే వద్దు. చీటీ పాడండి. ముందు చేతి అప్పు, కార్డు కలిపి ఆ 2.1 లక్షలు అణా పైసలతో తీర్చేసి, ప్రోనోటు వెనక్కి తీసుకుని చించేయండి. మిగిలే 2.1 లక్షలు అత్యవసర నిధి. దాన్ని సేవింగ్స్ ఖాతాకు ముడిపడిన ఎఫ్‌డీలో పెట్టండి. సిప్ ఆపండి. సిప్ ఆపమని నేను మామూలుగా చెప్పను. కానీ అత్యవసర నిధి లేకుండా నడిచే సిప్‌ను మార్కెట్ పడి ఉన్న రోజునే అమ్ముకోవాల్సి వస్తుంది. ఆ 8 వేలు, ఇక కట్టక్కర్లేని వడ్డీ 6,600 కలిపి నెలకు 14,600 ఆ నిధిలోకే వెళ్లాలి.

ఎంతదాకా? ఉద్యోగం పోతే ఆరు నెలలు గడవడానికి చీటీ వాయిదాలతో కలిపి 2.6 లక్షలు. అది కాక నాన్నగారి ఆసుపత్రి కోసం ప్రత్యేకంగా 3 లక్షలు. మామూలుగా అందరికీ చెప్పే ఆరు నెలల ఖర్చు మీకు సరిపోదు. గుండె రోగి ఉన్న ఇంట్లో రెండు నిధులు ఉండాలి. ప్రీమియంలు పోను ఇది పూర్తవడానికి రెండేళ్ల పైనే పడుతుంది. పట్టనివ్వండి. ఆ ఖాతాను అమ్మగారితో జాయింట్‌గా తెరిచి, ఏటీఎం కార్డు ఖమ్మంలోనే ఉంచండి. అర్ధరాత్రి అడ్మిషన్ కౌంటర్లో డబ్బు కట్టాల్సింది అక్కడున్నవాళ్లు.

ఇంత పట్టుబట్టడానికి కారణం, పాలసీ ఇప్పుడు తీసుకున్నా వెంటనే అక్కరకు రాకపోవడమే. స్టెంట్ పడ్డ మనిషికి కంపెనీలు పాలసీ నిరాకరించవచ్చు, లేదా ప్రీమియం పెంచుతాయి. ఇచ్చినా గుండెకు సంబంధించిన క్లెయిమ్‌కు వెయిటింగ్ పీరియడ్, అంటే డబ్బు ఇవ్వని గడువు, ఉంటుంది. 2024 నిబంధనల ప్రకారం అది గరిష్ఠంగా మూడేళ్లు, అంతకుముందు నాలుగేళ్లు ఉండేది. గుండె జబ్బు ఉన్నవాళ్ల కోసమే ఉన్న పాలసీల్లో ఈ గడువు తక్కువ, ప్రీమియం ఎక్కువ. దొరికితే తీసుకోండి. కానీ ఈ మధ్యకాలాన్ని దాటించేది మీ నగదే.

ఏజెంట్ మాట గురించి. ఇలాంటి సలహా ఇచ్చినవాడికి ఇంకో ఫోన్ కూడా చేయకండి. స్టెంట్ లోహపు జాలీ. రేపు ఎక్కడ యాంజియోగ్రామ్ తీసినా తెర మీద కనిపిస్తుంది. కేస్ షీట్‌లో మొదటి లైనే ‘గతంలో స్టెంట్ వేశారు’ అని ఉంటుంది. క్లెయిమ్ తిరస్కరిస్తారు, పాలసీ రద్దు చేస్తారు, కట్టిన ప్రీమియం పోతుంది. ఐదేళ్లు వరుసగా కడితే ఇక ప్రశ్నించరు అని కూడా అతను చెబుతాడు. కానీ మోసానికి ఆ రక్షణ వర్తించదు. తెలిసి దాచడం మోసమే.

మీరు ఒక ముక్కలో రాసి వదిలేసిన రేషన్ కార్డు ఈ మొత్తం ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు. యాంజియోప్లాస్టీ, బైపాస్ రెండూ అందులో ఉన్నాయి. మీరు వెళ్లింది ఆ పథకంలో లేని ఆసుపత్రికి అయి ఉండాలి, లేదా అసలు ఎవరూ అడిగి ఉండరు. ఇక చేయాల్సిందల్లా ఒక పని. ఖమ్మంలో క్యాథ్ ల్యాబ్ (స్టెంట్ వేసే గది) ఉండి, ఆరోగ్యశ్రీ కూడా ఉన్న ఆసుపత్రి ఏదో ఈ వారమే వెళ్లి, ఆసుపత్రిలో ఆ పథకం సంగతులు చూసే ఆరోగ్యమిత్రతో మాట్లాడి తెలుసుకోండి. ఆ పేరు, 108 అమ్మగారికి చెప్పి ఉంచండి. గుండెపోటు వచ్చిన గంటలో జాబితాలు వెతకకూడదు. ఒకవేళ ముందుగా అనుకుని చేసే ఆపరేషన్ అయితే హైదరాబాద్ నిమ్స్ ఉంది. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు.

బిల్లు గురించి ఒక మాట. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ ధరలకు కళ్లెం వేసింది. అప్పుడు మందుపూత స్టెంట్‌కు 29,600, ఇప్పుడు కూడా పన్ను కాక 40 వేల లోపే. మీ 3.6 లక్షల్లో మిగతాదంతా ఐసీయూ, క్యాథ్ ల్యాబ్, గది, ఫీజులు. వివరమైన బిల్లు తీసుకుని చూడండి, రెండోసారి అడగడానికి పనికొస్తుంది.

ఇక మీ సంగతి. తండ్రికి 55 ఏళ్లలోపు గుండె జబ్బు వస్తే పిల్లలకు ముప్పు ఎక్కువని డాక్టర్లు లెక్కిస్తారు. మీరు ఆ కోవలోకి వచ్చారు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి. మీకు ఇంకా ఏ జబ్బూ లేని ఈ రోజుల్లోనే మీరు, భార్య, పాప కలిపి 10 లక్షల ఫ్లోటర్ పాలసీ తీసుకోండి, గది అద్దెకు పరిమితి లేనిది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీ మీద జీఎస్టీ కూడా లేదు. కంపెనీ బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. అది ఉన్నంతకాలం తల్లిదండ్రుల పరిమితి పెంచుకునే వీలుందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. ఆరోగ్యశ్రీ కాక, పాత జబ్బులకు వెంటనే పనికొచ్చేది సాధారణంగా అదొక్కటే. టర్మ్ పాలసీ లేకపోతే కోటికి తీసుకోండి. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీలు తర్వాత చూడవచ్చు, వాటిలో చాలావాటికి యాంజియోప్లాస్టీ లెక్కలోకి రాదు.

ప్లాటు వాళ్లకు ఇచ్చిన 20 వేలు తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఇస్తే నిధిలో వేయండి. ఇవ్వకపోతే వదిలేయండి. ఆ 20 వేలను కాపాడుకోవడానికి 8 లక్షల అప్పు చేయకండి.