ఫైల్లో బ్లీడింగ్ అని రాశారు, మరి రక్తం ఏదీ?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మా అమ్మకు 58 ఏళ్లు. పోయిన వారం రెండు రోజులు నల్లగా విరేచనం అయ్యి, బాత్రూమ్ దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో చేర్పిస్తే రక్తం ఎక్కించి నాలుగు రోజులకు పంపించారు. డిశ్చార్జి కాగితంలో ‘అప్పర్ జీఐ బ్లీడింగ్’ అని ఉంది. అమ్మకు నెలసరి ఆగి పదేళ్లయింది, రక్తం ఎక్కడా కనబడలేదు, ఇప్పుడు బ్లీడింగ్ ఏంటి? బీటీ, సీటీ నార్మల్ అని కూడా అందులోనే రాశారు. గర్భసంచి తీయించేస్తే సరిపోతుందని మా మేనత్త పట్టుబడుతోంది. తీయించమంటారా?

జవాబు: వద్దమ్మా. మీరు రాసినదాన్ని బట్టి ఈ జబ్బుకూ గర్భసంచికీ సంబంధమే లేదు. తిరకాసంతా ఆ ఒక్క మాటతోనే వచ్చింది. మన ఇళ్లలో ముట్టు అని పైకి అనలేక, బయట ఉంది అని చెప్పడం పాతబడిపోయి, ఇప్పుడు అందరూ ‘బ్లీడింగ్’ అంటున్నారు. దాంతో ఆ మాట ఆడవాళ్లదే అయిపోయింది. కడపలో నా ఓపీకి మొలలతో వచ్చిన ఒక పెద్దాయన ‘బ్లీడింగ్ అవుతోంది సార్’ అనగానే వెనక వరసలో కూర్చున్న ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేశారు, పాపం ఆయనకు ఎందుకు నవ్వారో అర్థం కాలేదు. డాక్టర్ రాసే బ్లీడింగ్‌కు అర్థం ఒకటే, రక్తనాళంలో ఉండాల్సిన నెత్తురు బయటికి కారుతోంది అని. అది ముక్కులో కావచ్చు, పంటి చిగుళ్లలో కావచ్చు, కడుపులోనో మెదడులోనో కావచ్చు. కంటికి కనబడాలన్న నియమం ఏమీ లేదు.

జీఐ అంటే జీర్ణకోశం, అప్పర్ అంటే దాని పైభాగం, అంటే అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం. అక్కడ కారిన రక్తం పేగుల పొడవునా ప్రయాణం చేసి కిందికి వచ్చేసరికి కడుపులోని యాసిడ్ వల్ల, అరుగుదల వల్ల నల్లబడిపోతుంది. మీరు రక్తం ఎక్కడా కనబడలేదు అంటున్నారు కానీ మీకు కనబడింది, నల్లగా కనబడింది, అంతే తేడా. తారు రోడ్డు వేసేటప్పుడు చూశారు కదా, ఆ రంగులో, బంకగా, నీళ్లు పోసినా ఒక పట్టాన పోకుండా, వాసన కూడా మామూలుగా కాకుండా ఘాటుగా ఉంటుంది. యాభై మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసులో సగం పైచిలుకు రక్తం కారినా విరేచనం అలా అవ్వొచ్చు. మొలల్లో అయితే సాధారణంగా ఎర్రగా, తాజాగా, విరేచనం అయ్యాక చుక్కలుగా పడుతుంది.

ఇక బీటీ, సీటీ. అవి కారుతోందా లేదా చెప్పే పరీక్షలు కావు. చెవి తమ్మెకో వేలికో చిన్న గాటు పెట్టి, అర నిమిషానికోసారి కాగితంతో అద్దుతూ ఎంతసేపటికి ఆగిందో చూస్తారు, అది బ్లీడింగ్ టైమ్. సీటీ అంటే అక్కడ క్లాటింగ్ టైమ్, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం. (తలకు తీసే సీటీ స్కాన్ అనుకుని ‘స్కాన్ నార్మల్ అంట’ అని ఊరంతా చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు.) మీ అమ్మగారి రక్తం బాగానే గడ్డకడుతోంది, కానీ లోపల పుండు పడితే ఆ రక్తమైనా కారుతుంది. పైపు పగిలితే నీళ్లు ఎంత మంచివైనా ఏం లాభం?

ఆ పుండు ఎందుకు పడింది అన్నదే మీరు అడగాల్సిన అసలు ప్రశ్న. ‘మన సీమ కారం తిని తిని’ అని చుట్టుపక్కలవాళ్లు అనేసి ఉంటారు. కారానికి మంట పుట్టించే గుణం ఉంది కానీ అల్సర్‌కు ముఖ్య కారణాలు రెండు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, దాన్ని కనిపెట్టినందుకే ఆస్ట్రేలియా డాక్టర్లు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. రెండోది నొప్పి మాత్రలు. మీరు రాయలేదు గానీ, 58 ఏళ్లంటే మోకాళ్ల నొప్పులు ఉండే ఉంటాయి, మెడికల్ షాపులో చీటీ లేకుండా కవర్లో వేసిచ్చే మాత్రలు వాడుతూ ఉండొచ్చు. డైక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి మింగితే కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. అడిగి చూడండి, ఆమె మొదట లేదనే అంటుంది, ‘నొప్పికి ఏం వేసుకుంటావమ్మా’ అని మార్చి అడగండి. అవే అయితే ఈ రోజే ఆపించండి. గుండెకు ఆస్పిరిన్ లాంటిది వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి, రాసిచ్చిన డాక్టర్‌ను ఫోన్‌లోనైనా వెంటనే అడగండి.

ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష, చేశారో లేదో కూడా మీ ఉత్తరంలో లేదు. చేయకపోతే చేయించండి, అందులోనే ఆ బ్యాక్టీరియా పరీక్షకు చిన్న ముక్క తీస్తారు. గర్భసంచి విషయంలో ఒక్క మాట, నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక ఆ దారిన ఒక్క మరక కనబడినా గైనకాలజిస్టుకు చూపించాల్సిందే. అప్పుడు కూడా ముందు పరీక్ష, ఆపరేషన్ మాట తర్వాత. మీ మేనత్తగారికి ఇది కాస్త గట్టిగానే చెప్పండి.

ఇప్పుడు ఐరన్ మాత్రలు ఇచ్చి ఉంటారు. వాటికీ విరేచనం నల్లగానే అవుతుంది, మేక నల్ల (గడ్డకట్టిన మేక రక్తం) వేపుడు తిన్నా అవుతుంది, చూసి హడలిపోకండి. బంకగా లేకుండా, ఆ ఘాటు వాసన లేకుండా ఉంటే సాధారణంగా మాత్రల వల్లే. మళ్లీ తారులా అయినా, కాఫీ పొడి కలిపినట్టు వాంతి అయినా, చెమటలు పట్టి కళ్లు తిరిగినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి, తెల్లారాక చూద్దామని ఆగొద్దు. అక్కడ డాక్టర్‌తో ఊరికే ‘బ్లీడింగ్’ అని చెప్పొద్దు. ఎక్కడి నుంచి, ఏ రంగులో, ఎన్నిసార్లు, ఎప్పటి నుంచి అన్నది తెలుగులోనే చెప్పండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పాత మాత్రల పట్టీలు, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి.