నల్ల చొక్కా వేసుకురా

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. పెళ్ళిళ్ళ ఫోటోలు మానేసి యాడ్స్‌లోకి వచ్చింది సొంతంగా ఏదైనా చేద్దామని, తీరా చూస్తే నగ ఎక్కడ పెట్టాలో, అక్షరాలకి ఎంత ఖాళీ వదలాలో అన్నీ ఏజెన్సీవాళ్ళే గీసి పంపుతున్నారని రాశావు. "బటన్ నొక్కడమే నాకు మిగిలింది పెదనాన్నా" అన్నావు. దాని కింద ఆ కాసులపేరు ఫోటో పెట్టావు. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో "ఆఁ, తెలుసు" అంటావు, నేను చెప్పేది మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ కాసులపేరు సంగతి. బాగాలేదమ్మా. ఫోకస్ సరిగ్గానే ఉంది, వెలుగూ సరిపోయింది. అయినా కాసులు పసుపు పూసిన బిళ్ళల్లా ఉన్నాయి. లక్ష్మీదేవి మొహమే కనబడటం లేదు. చుట్టూ తెల్లగుడ్డతో టెంటు కట్టి, నాలుగువైపులా లైట్లు పెట్టి ఉంటావు. యూట్యూబ్‌లో అందరూ అదే చెబుతారు కదా.

మెరుగు పెట్టిన బంగారం అద్దంతో సమానం. దాని ఎదురుగా ఏముంటే అదే చూపిస్తుంది. నువ్వు చుట్టూ తెలుపు కట్టావు, అది తెలుపే చూపించింది. కాసు మీద గుంట ఎక్కడో, ఉబ్బు ఎక్కడో కంటికి తెలియాలంటే ఎక్కడో ఒక చోట నలుపు కావాలి.

టెంటు తీసెయ్. ఒక్క లైటు ఉంచు. దానికీ నగకీ మధ్య ట్రేసింగ్ పేపర్ బిగించిన చట్రం పెట్టు. లైటును కాగితానికి బాగా దగ్గరగా జరిపావనుకో, కాగితం మధ్యలో వెలుగు చిక్కగా ఉండి అంచులకి పోయేకొద్దీ పలచబడుతుంది. కాసు మీదా అలాగే పడుతుంది. లైటును దూరం జరిపితే కాగితమంతా ఒకేలా వెలిగి కాసు చప్పబడిపోతుంది. ఇది కుదిరాక, రెండు వేళ్ళ వెడల్పున నల్ల అట్ట ముక్క కోసి వెలుగుకి ఎదురువైపు నిలబెట్టు. కెమెరాలోంచి చూస్తూ దాన్ని మెల్లగా జరుపు. ఒక చోటికి వచ్చేసరికి కాసు అంచు వెంట సన్నగా నల్లగీత వస్తుంది, కాటుక దిద్దినట్టు. అప్పుడు లక్ష్మి లేచి కూర్చుంటుంది. ఇంకో వేలెడు జరిపితే ఆ గీత మొహం మీదకు పాకి అమ్మవారు మసిబారుతుంది. వెనక్కి తే.

కాసులపేరుతో ఇంకో చిక్కుంది. అన్ని కాసులూ ఒకే వైపు చూడవు. ప్రతి కాసు వెనకా మైనం ముద్ద చిన్నది పెట్టి ఒక్కొక్కదాన్నే వెలుగు వైపు తిప్పుకోవాలి. మేము ఒక్క పేరుకి పూటంతా కూర్చునేవాళ్ళం. లేఅవుట్ గీసిన కుర్రాడు నగ ఎక్కడుండాలో చెప్పాడు, నిజమే. ఆ నల్ల అట్ట ఎక్కడుండాలో చెప్పాడా? చెప్పలేడు. అతనికి తెలియదు. నీ పని అంతా అక్కడే ఉంది.

ఈ అద్దం సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదులే. పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను. చేరిన కొత్తల్లో ఒక స్టీలు సామాన్ల కొట్టు క్యాలెండర్ నా చేతికి వచ్చింది. అప్పట్లో నాలుగు బై ఐదు అంగుళాల ఫిల్ము, ముందు అప్పటికప్పుడే బొమ్మ వచ్చే పోలరాయిడ్ మీద ఒకటి తీసి చూసుకోవడం, తర్వాత అసలుది తీయడం. పోలరాయిడ్‌లో ఏదో ఎర్రగా కనిపించింది, మరక అనుకున్నాను. ఫిల్ము ఖర్చు గురించే టెన్షన్, మరకల గురించి ఎవరికి పట్టింది? శివకాశి నుంచి 5,000 క్యాలెండర్లు అచ్చయి వచ్చాయి. కొట్టు ఓనరు మొదటి కాపీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "బాబూ, బిందెలో ఎవరు?" అన్నాడు. బిందె పొట్ట మీద ఎర్రగళ్ళ చొక్కా వేసుకుని నేనే నిలబడి ఉన్నాను. ఆ ఏడాదంతా ఎవరింటికి వెళ్ళినా గోడ మీద నన్ను నేను చూసుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి షూట్‌కి నల్ల చొక్కా తప్ప వేసుకోలేదు.

చీరల కేటలాగు గురించి కూడా అడిగావు. "రంగు వేరేగా వచ్చింది" అని సగం చీరలు వెనక్కి వస్తున్నాయట. నెమలికంఠం రంగు చీరే తీసుకో. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. బల్ల మీద పరిచి పైనుంచి తీస్తే ఆ రెండూ కలిసిపోయి ఏదీ కాని బురద రంగు వస్తుంది. చీరకి మడత కావాలి, వెలుగు పక్కనుంచి రావాలి. మడత ఒక వైపు నీలం, రెండో వైపు ఆకుపచ్చ కనబడితేనే అది నెమలికంఠం. మీ పెద్దమ్మ చీర కొనేటప్పుడు కొట్టు గుమ్మం దాకా తీసుకెళ్ళి పగటి వెలుగులో తిప్పితిప్పి చూస్తుంది, ఎప్పుడైనా గమనించావా? ట్యూబ్‌లైట్ కింద ఒకేలా కనబడిన రెండు గుడ్డలు ఎండలో వేరువేరుగా కనబడతాయి. ఆడవాళ్ళకి ఇది మనకంటే ముందే తెలుసు. గదిలో ట్యూబ్‌లైట్లు ఆపి, నీ ఫ్లాష్ ఒక్కటే ఉంచి, ప్రతి చీరతోనూ మొదటి ఫ్రేములో గ్రే కార్డు, అదే రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట, పెట్టి తియ్యి. చీరను నీ పక్కన పెట్టుకుని రంగు సరిచెయ్యి. మొత్తం కేటలాగుకి ఒకే ఫిల్టరు కొట్టి పంపావో, చీరలు వస్తూనే ఉంటాయి.

తిండి ఫోటోలు నాకు అన్నిటికంటే ఇష్టం. ఒకసారి ఊరగాయల యాడ్ వచ్చింది. గాజు జాడీలో ఆవకాయ. నేను ఉదయాన్నే కొత్తగా కలిపించి తెప్పించాను, తాజాగా ఉంటే బాగుంటుందని నా తెలివి. రోజంతా తన్నుకున్నా జాడీలో ఎర్రమట్టి పోసినట్టే ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి మీ పెద్దమ్మతో అంటే నవ్వింది. "కలిపిన రోజు పిండే కనబడుతుంది. మూడో రోజు తిరగకలిపితే కదా నూనె పైకి తేలేది" అంది. మూడో రోజు మళ్ళీ తీశాను. ముక్క తడిగా, పిండి నిగనిగలాడుతూ, పైన వేలెడు నూనె. జాడీ వెనక దానికంటే కాస్త చిన్నగా కోసిన వెండి అట్ట పెట్టి, వెనక లైటు వెలుగు దాని మీదుగా నూనెలోంచి ముందుకు వచ్చేలా తిప్పాను. నూనె కెంపులా వెలిగింది.

ఇంకో మాట, కారం ఎరుపు డిజిటల్ కెమెరాకి పడదు. వెలుగు ఎంత పడిందో చూపే హిస్టోగ్రామ్ గ్రాఫు మామూలుగానే కనబడుతుంది, ఎరుపు రంగు ఒక్కదాని లెక్క, అంటే ఎరుపు చానెల్, మాత్రం నిండి పొంగిపోయి ఉంటుంది. అప్పుడు పిండికీ నూనెకీ తేడా పోతుంది. చానెళ్ళు విడివిడిగా చూడు, అవసరమైతే ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గించి తియ్యి.

ఈ పనిలో మాయ చెయ్యమని అడుగుతారు. కొంత మాయ తప్పదు. కూల్‌డ్రింకు సీసా మీద చెమట కోసం గ్లిజరిన్ కలిపిన నీళ్ళు చల్లుతాం, ఐసుముక్కలు యాక్రిలిక్‌వి పెడతాం. అక్కడ అమ్మేది చెమటా కాదు, ఐసూ కాదు. అమ్మే వస్తువు దగ్గర మాత్రం చెయ్యి పెట్టకు. అమెరికాలో ఒక పెద్ద సూప్ కంపెనీ యాడ్‌లో గిన్నె అడుగున గాజు గోళీలు వేసి, కూరముక్కలు పైకి తేలేలా చేశారు. అక్కడి వాణిజ్య కమిషన్ ఆ కేసు పట్టుకుని 1970లో అలాంటివి మానిపించింది. వాళ్ళు వేసింది నిజం సూపే, నిజం ముక్కలే, అయినా తప్పే. మన దగ్గరా తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. చిలకలపూడి గిల్టు నగని పసుపు రిఫ్లెక్టర్లతో ముదురు బంగారంలా తీసి, ధర పక్కన పెట్టి, వన్‌గ్రామ్ అనే మాట కనబడనంత చిన్నగా వేస్తామంటే, నీ ఫోటో వెనక్కి తీసుకో.

డబ్బు గురించి క్లుప్తంగా రాస్తాను, ఇది మనకి అచ్చిరాని సబ్జెక్టు. 1957 కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ చదువు. ఒకరు డబ్బిచ్చి అడిగి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఆ డబ్బిచ్చినవాడే. నాకు ఇది తెలిసేసరికి క్యాలెండర్ కోసమని తీసిన నా ఫోటో ఊరంతా హోర్డింగుల మీద ఉంది. పోట్లాడబోయాను. చేతిలో కాగితం లేదు, నోరు మూసుకుని వచ్చాను. కొటేషన్‌లోనే రాసెయ్: ఎన్నాళ్ళు వాడతారు, ఎక్కడ, దేంట్లో. హోర్డింగ్ అయితే వేరే రేటు. సగం అడ్వాన్స్ లేకుండా లైట్లు బండెక్కించకు. చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకో. చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 చట్టం ఉంది. క్లయింటుతో పోట్లాడమని కాదు, బిల్లు కింద ఆ ముక్క వేస్తే అకౌంట్స్ వాళ్ళు కాస్త ముందు కదులుతారు.

ఏఐ బొమ్మలు వచ్చాక మన పని ఉంటుందా అని చివర్లో అడిగావు. గాలిలో తేలే సీసాలు, మబ్బుల మీద చెప్పులు ఇక అదే చేస్తుంది. చేయనీ. కానీ ఆ కొట్టులో ఉన్న ఆ కాసులపేరుకి ఏడో కాసు కొంచెం వంకర. ఆ వంకరతోనే దాన్ని కొనుక్కుంటారు. దాన్ని ఎవరో ఒకరు ఎదురుగా పెట్టుకుని చూడాలి.

ఆర్డర్ మీద చేసే పని మీద నీకు చిన్నచూపు ఉన్నట్టుంది. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం చెప్పింది తీసినవాడే. బొంబాయిలో మిత్తర్ బేడీ ఫ్యాక్టరీలవాళ్ళు డబ్బిచ్చి పిలిస్తే వెళ్ళి గొట్టాలూ పొగగొట్టాలూ తీశాడు. ఆ ఫోటోలు ఇప్పుడు ఒకసారి చూడు, వెలుగు ఎటునుంచి తెచ్చాడో చూడు. మిగతాది మనం ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

మీ పెద్దమ్మ కాసులపేరు లాకర్లో ఉంది. గురువారం తెచ్చి పెడతానంది. నువ్వు ట్రేసింగ్ పేపరూ, నల్ల అట్టా, కొంచెం మైనం తెచ్చుకో. లైటు నా దగ్గర ఒకటి పనిచేస్తోంది. నల్ల చొక్కా వేసుకురా.

మీ పెదనాన్న