అమ్మాయి రోజూ పెడుతున్న సంతకం

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. ఏడాదిగా సాయంత్రాలు ఏదో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు, అంటే ఎవరైనా చూసి వాడుకునేలా కోడ్‌ను తెరిచి ఉంచే ప్రాజెక్టుకు, కోడ్ రాస్తోంది. పైసా రాదు. పైగా లెక్కల సబ్జెక్టు ఒకటి మిగిలిపోయింది. మొన్న పక్కన కూర్చుని చూస్తే, తను పంపే ప్రతి మార్పు కిందా తన పేరు, ఈమెయిలుతో సంతకం లాంటి వరుస ఒకటి కనిపించింది. నేను ముప్పై ఏళ్లుగా దస్తావేజు లేఖరిని. చదవకుండా సంతకాలు పెట్టి ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఈ రంగంలో కంపెనీలు ఒకదానిమీద ఒకటి వేల కోట్లకు దావాలు వేసుకుంటాయని అమ్మాయే చెప్పింది. ఊరికే పంచిపెట్టే సరుకును నమ్ముకుంటే ఉద్యోగం వస్తుందా? ఇది మాన్పించి 45 వేలు కట్టి కోర్సులో చేర్చమంటారా? ఫీజుకు గడువు దగ్గర పడింది.
ఒక తండ్రి, తెనాలి

జవాబు: నాకు వచ్చే ఉత్తరాల్లో తొంభై పాళ్లు జీతం ఎంత వస్తుందనే అడుగుతాయి. కింద ఆ సంతకం దేనికని అడిగినవారు మీరే మొదటివారు. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

మీరు చూసిన వరుసను 'సైన్డ్ ఆఫ్ బై' అంటారు. దాని వెనుక పేజీకి మించని ప్రకటన ఒకటి ఉంది. ఈ కోడ్ నేను రాసింది, లేదా ఇచ్చే హక్కు ఉన్న చోటునుంచి తెచ్చింది. ఈ ప్రాజెక్టు లైసెన్సు కింద, అంటే దీన్ని వాడుకునేవాళ్లకు పెట్టిన షరతుల కింద, దీన్ని ఇస్తున్నాను. నా పేరు, మెయిలు బహిరంగ రికార్డులో ఎప్పటికీ ఉంటాయని నాకు తెలుసు. సారాంశం ఇంతే. దీనితో అమ్మాయి ఆస్తి ఎవరికీ రాసివ్వడం లేదు, ఆమె రాసిన దానిపై కాపీరైటు ఆమె పేరనే ఉంటుంది. మీరు విక్రయ దస్తావేజులో 'ఈ ఆస్తి నా స్వార్జితం, దీనిపై మరెవరికీ హక్కు భుక్తాలు లేవు' అని రాయిస్తారే, ఆ వాక్యానికి ఇది చుట్టం. కొన్ని ప్రాజెక్టులు దీనికి బదులు పొడవాటి ఒప్పందం మీద సంతకం అడుగుతాయి. అందులో కాపీరైటునే బదిలీ చేయమనేవీ ఉంటాయి. అలాంటిది వస్తే మాత్రం ఆమె సంతకం పెట్టకముందే మీరు చదవండి.

ఆ వరుస ఎందుకు పుట్టిందో తెలిస్తే కోర్టు కేసుల భయం సగం తగ్గుతుంది. కథంతా మీ వృత్తిదే. యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఒకప్పుడు నోవెల్ కంపెనీ చేతిలో ఉండేది. 1995లో నోవెల్ ఆ వ్యాపారాన్ని శాంటా క్రూజ్ ఆపరేషన్ అనే కంపెనీకి అమ్మింది. 2001లో అది కాల్డెరా చేతికి వెళ్లింది, మరుసటి ఏడు కాల్డెరా తన పేరును ఎస్‌సీఓ గ్రూప్‌గా మార్చుకుంది. ఈ ఎస్‌సీఓ 2003 మార్చిలో ఐబీఎం మీద 100 కోట్ల డాలర్లకు దావా వేసింది. మా యూనిక్స్ సొత్తును మీరు లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి ఎక్కించారు అని. అక్కడితో ఆగక, లినక్స్ వాడుతున్న సుమారు 1,500 పెద్ద కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. సర్వరులోని ఒక్కో ప్రాసెసర్‌కు 699 డాలర్లు కట్టి తమ లైసెన్సు తీసుకోమంది.

అప్పుడు నోవెల్ లేచి, ఆ కాపీరైట్లు మేము అమ్మనే లేదు కదా అంది. 1995 ఒప్పందం బయటికి తీసి చూస్తే, అమ్మకంలో చేరని ఆస్తుల షెడ్యూలులో 'కాపీరైట్లన్నీ' అని ఉంది! 1996లో చేసిన సవరణ ఒకటి దాన్ని కొంత గజిబిజి చేసింది కాబట్టి వివాదం ఏళ్లతరబడి సాగింది. 2007 ఆగస్టులో యూటా కోర్టు జడ్జి డేల్ కింబల్ నోవెల్‌దే హక్కు అన్నారు. మరుసటి నెలలోనే ఎస్‌సీఓ దివాలా రక్షణ కోరింది. అప్పీలు కోర్టు మళ్లీ విచారించమంటే, 2010 మార్చిలో జ్యూరీ కూడా నోవెల్‌దే అని తేల్చింది. ఐబీఎం మీద వేసిన దావా తోక మాత్రం 2021 దాకా ఈడ్చింది, చివరికి 1.425 కోట్ల డాలర్లకు రాజీ అయింది. షెడ్యూలు చదవకుండా స్థలంలో పాక వేసి, పక్కవాడి మీద ఆక్రమణ కేసు పెట్టేవాళ్లను మీరు తెనాలిలోనే చూసి ఉంటారు.

ఈ గొడవ నడుస్తుండగానే, 2004లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ సంతకం పద్ధతి పెట్టారు. రేపు ఎవరైనా వచ్చి ఈ వరుస మాది అంటే, అది ఎవరి చేతిమీదుగా వచ్చిందో లింకు దస్తావేజులా చూపించగలగాలి కదా. అంటే మీరు ప్రమాదం అనుకున్న సంతకమే ప్రమాదం తప్పించడానికి పెట్టిన ఏర్పాటు.

ఒక్కచోట మాత్రం మీ భయం న్యాయమైనదే. కోడ్ పంపే ఆజ్ఞకు 'ఎస్' అనే ఒక్క అక్షరం తగిలిస్తే ఆ వరుస దానంతటదే పడిపోతుంది. వేలు అలవాటుగా నొక్కేస్తుంది, కన్ను చదవదు. ఇప్పటి పిల్లలు కృత్రిమ మేధ ఇచ్చిన కోడ్‌ను అతికించి కింద ఇదే సంతకం పెడుతున్నారు. ఆ కోడ్ ఎక్కడిదో వాళ్లకే తెలియదు, తెలుసునని సంతకం చేస్తున్నారు. ఆ ప్రకటన పూర్తి పాఠాన్ని అమ్మాయి ఎప్పుడైనా చదివిందో లేదో అడగండి. చదివి ఉండదనే నా అనుమానం.

ఇక 'ఊరికే పంచిపెట్టే సరుకు' అన్న మాట. డబ్బు తీసుకోకపోవచ్చు, కానీ షరతు ఉంటుంది. ఈ షరతుకు కోర్టులో విలువ ఉందా అన్న ప్రశ్నను తేల్చింది ఏ పెద్ద కంపెనీ కేసూ కాదు, బొమ్మ రైళ్ల కేసు. అమెరికాలో బొమ్మ రైళ్లు నడపడం పెద్దవాళ్ల సరదా. ఇంట్లో పట్టాలు పరిచి, కంప్యూటర్‌తో రైళ్లను నడుపుతారు. రాబర్ట్ జేకబ్సన్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు, మరికొందరు అభిరుచిపరులు కలిసి దానికో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రాశారు. అదే రంగంలో సరుకు అమ్ముకునే మాథ్యూ కాట్జర్ అనే వ్యాపారి, మా పేటెంట్‌ను మీరు వాడుతున్నారు, డబ్బు కట్టండి అని జేకబ్సన్‌కే నోటీసులు పంపాడు. తీరా చూస్తే కాట్జర్ అమ్ముతున్న సాఫ్ట్‌వేర్‌లోనే ఈ సరదా బృందం రాసిన ఫైళ్లు ఉన్నాయి. రాసినవాళ్ల పేర్లు లేవు, కాపీరైటు ప్రకటన లేదు, ఏమేం మార్చారో చెప్పే మాట లేదు. లైసెన్సు అడిగినవి ఆ మూడు నాలుగు సంగతులే.

జేకబ్సన్ కోర్టుకెక్కితే కింది కోర్టు, ఇది మహా అయితే ఒప్పంద ఉల్లంఘన అంది. ఉచితంగా ఇచ్చినదానికి ఒప్పందం తప్పితే నష్టపరిహారం ఎంతని లెక్కకడతారు? సున్నా. 2008 ఆగస్టులో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని తిరగేసింది. అవి అనుమతికి పెట్టిన షరతులు, షరతు తప్పితే అనుమతే లేదు, అప్పుడది కాపీరైటు ఉల్లంఘన అవుతుంది అంది. 2010లో రాజీ కుదిరి జేకబ్సన్‌కు లక్ష డాలర్లు ముట్టాయి. షరతులతో రాసిన దానపత్రంలో షరతును కొట్టేసి దానం మాత్రం నిలుపుకోవడం ఎలా కుదరదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ షరతులు అన్నిచోట్లా ఒకటి కావు. ఎంఐటీ లైసెన్సు పేరు చెరపవద్దంటుంది, దాదాపు అంతే. జీపీఎల్ అయితే, మా కోడ్ కలిపి తయారుచేసిన దాన్ని పంచావా, నీ కోడ్ కూడా అదే షరతుతో చూపించు అంటుంది. నేను ఈ పనిలోకి రాకముందు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉండేవాణ్ని. సరుకు పంపడానికి నాలుగు రోజుల ముందు ఖాతాదారు మనుషులు కోడ్‌ను జల్లెడ పట్టారు. మా కుర్రవాడొకడు ఎక్కడినుంచో తెచ్చి అతికించిన రెండు ఫైళ్లు జీపీఎల్‌వి. పైన ఉన్న కాపీరైటు వ్యాఖ్యను 'అందంగా లేదని' తనే చెరిపేశాడు. రెండు ఫైళ్లు తిరిగి రాయడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలు పైవాళ్లు అతన్నీ నన్నూ ఎలా చూశారో ఇక్కడ రాయను.

కంపెనీల మధ్య కయ్యాల సంగతి తొందరగా చెబుతాను, ఎందుకంటే ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు వాటివల్ల నష్టం తక్కువ. రెడిస్ అని డేటాను అత్యంత వేగంగా అందించే సాఫ్ట్‌వేర్ ఉంది. దాని యజమాని కంపెనీ ఏళ్లు ఏళ్లు బయటివాళ్ల చేత కూడా కోడ్ రాయించుకుని, క్లౌడ్ కంపెనీలు దాన్ని సేవగా అమ్ముకుంటున్నాయనే కోపంతో 2024 మార్చిలో లైసెన్సు బిగించింది. రోజుల్లోనే పాత కోడ్ తీసుకుని లినక్స్ ఫౌండేషన్ గొడుగు కింద వాల్కీ అనే పోటీ ప్రాజెక్టు పుట్టింది. మరుసటి ఏడాదికి రెడిస్ మళ్లీ ఓపెన్ సోర్స్ లైసెన్సు తెచ్చుకుంది. ఎలాస్టిక్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా 2021లో తలుపు మూసి 2024లో తెరిచింది. ఇతరుల లాభాలు చూసి కడుపు మండడం నాకు అర్థమవుతుంది. అయినా బంతిలో కూర్చోబెట్టి వడ్డించాక విస్తరి లాగేయడం మర్యాద కాదు. ఈ గొడవలో ఉద్యోగి పోగొట్టుకున్నది ఏమీ లేదు. రెడిస్ తెలిసినవాడు మర్నాడు పొద్దున వాల్కీ మీద పనిచేయగలడు. 2001లో లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చిన స్టీవ్ బామర్ నడిపిన మైక్రోసాఫ్టే, మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల హయాంలో 2018లో 750 కోట్ల డాలర్లు పెట్టి గిట్‌హబ్‌ను కొన్నది. మీ అమ్మాయి కోడ్ బహుశా అక్కడే నిల్వ ఉంటుంది.

జీతం ఎవరిస్తారంటే, ఆ సరుకు మీద ఆధారపడ్డవాళ్లు ఇస్తారు. బ్యాంకులు, టెలికాం, క్లౌడ్ కంపెనీలు లినక్స్ మీద నడుస్తున్నాయి. అది ఆగిపోకుండా చూసేవాళ్లు వాళ్లకు కావాలి. ఉచిత సాఫ్ట్‌వేర్‌కు సేవలు అమ్మే రెడ్ హ్యాట్‌ను 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. నేను ఇంటర్వ్యూలు చేసిన రోజుల్లో పదిమంది వస్తే ఎనిమిదిమంది చేతిలో ఒకే ప్రాజెక్టు రిపోర్టు ఉండేది. అట్టలో కూడా తేడా ఉండేది కాదు, ఎక్కడ కొన్నారో అడిగేవాణ్ని కాదు. ఒక్క అబ్బాయి మాత్రం ఒక లింకు తెరిచి చూపించాడు. అతను పంపిన చిన్న మార్పును ఎవరో పెద్దాయన ఐదుసార్లు తిప్పికొట్టాడు, ఆరోసారి తీసుకున్నాడు. ఆ ఐదు తిప్పికొట్టడాలకు అతను ఇచ్చిన జవాబులు చదివాక నాకు అడగడానికి ప్రశ్నలు మిగల్లేదు. అమ్మాయి దగ్గర ఏడాదిపాటు అలాంటి రికార్డు ఉంది. అలాగని అదొక్కటే చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. క్యాంపస్‌కు వచ్చే చాలా కంపెనీల మొదటి జల్లెడ మార్కులు, మిగిలిపోయిన సబ్జెక్టులే. ఆ జల్లెడ దాటితేనే లింకు తెరిచి చూపించే అవకాశం వస్తుంది.

నిజంగా జాగ్రత్తపడాల్సిన రోజు ఆమె చేతికి నియామక పత్రం వచ్చిన రోజు. ఉద్యోగంలో భాగంగా రాసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. మన కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. కొన్ని కంపెనీలు మరో అడుగు వేసి, ఖాళీ సమయంలో రాసింది కూడా మాదేనని ఒప్పందంలో ఇరికిస్తాయి. అప్పుడు ఆమె సాయంత్రం పెట్టే 'నాకు ఇచ్చే హక్కు ఉంది' అన్న సంతకం అబద్ధమవుతుంది. కాబట్టి చేరకముందే ఏ ప్రాజెక్టులో పనిచేస్తోందో చెప్పి, రాతపూర్వకంగా అనుమతి అడగాలి. ఇంటర్న్‌షిప్‌కూ ఇదే వర్తిస్తుంది. అడిగితే ఉద్యోగం పోతుందని పిల్లలు భయపడతారు, నేను చూసినంతలో అలా పోలేదు.

మీరు అడగలేదు కానీ ఒక మాట. కోడ్ చదవగలిగి, షరతులు కూడా చదవగలిగేవాళ్లు తక్కువ. పెద్ద కంపెనీల్లో ఓపెన్ సోర్స్ వ్యవహారాలకే ప్రత్యేక విభాగాలు ఉన్నాయి, ఏ సరుకులో ఎవరి కోడ్ ఏ లైసెన్సుతో ఉందో జాబితా కట్టడమే అక్కడ పని. ఆస్తి మీద ఎవరి హక్కులున్నాయో చూడటానికి ఈసీ తీయడం అనుకోండి. నాలుగైదేళ్లు ఇంజినీరుగా పనిచేశాక ఆసక్తి అలాగే ఉంటే లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయవచ్చు, ఇంజినీరింగ్ పట్టాతో పేటెంట్ ఏజెంట్ పరీక్షకూ కూర్చోవచ్చు. ఇప్పుడే వద్దు. కోడ్ రాని లాయర్లు చాలామంది ఉన్నారు.

ఫీజు కట్టకండి. సెమిస్టర్ పరీక్షలయ్యేదాకా ప్రాజెక్టుకు వారానికి రెండు సాయంత్రాలు చాలు, మిగతా రోజులు ఆ లెక్కల సబ్జెక్టుకు. ఆ రెండు సాయంత్రాల్లో మొదటిది మీకు ఇమ్మనండి. ప్రాజెక్టులో లైసెన్స్ అనే ఫైలు ఉంటుంది. ఆమె తెలుగులో చెబుతూ ఉంటే, మీరు ఒక్కో వాక్యం దగ్గరా ఆపి, మీ కక్షిదారులను అడిగే ప్రశ్నలే ఆమెనూ అడగండి. జవాబు రానిచోట గుర్తు పెట్టి నాకు పంపండి.