మంచి కబురు వచ్చిన రోజే మొదలుపెట్టమ్మా

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

అల్లుడుగారి ఆరోగ్యం గురించి నువ్వు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. "అంతా దేవుడికే వదిలేశానంటున్నాను, అయినా దడ తగ్గట్లేదు, నా భక్తిలోనే లోపమా?" అని అడిగావు. లోపమేమీ లేదు తల్లీ. గజేంద్రుడంతటివాడే మొసలి నోట కాలు చిక్కి, దేవుడున్నాడంటారే, అసలు ఉన్నాడా లేడా అని సందేహపడ్డాడు. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం పెనుగులాడి, ఆ తరవాతే నీవే దిక్కన్నాడు.

మీ పెద్దమ్మ మంచాన పడ్డప్పుడు రాత్రంతా సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ కూర్చునేవాణ్ణి. పెదాల మీద జపం, లోపల బేరం: నువ్వు ఈమెను లేపితే నేను ఫలానా మొక్కు తీరుస్తానని. ఒక తెల్లవారుజామున మాత్ర వేయడానికి ఆమె తల ఎత్తి పట్టుకున్నప్పుడు తట్టింది. వేళకు మాత్ర వేయడం నా వంతు, అది పనిచేయడం నా వంతు కాదు. చేతి వణుకు తగ్గింది. ఆవిడ దక్కలేదు. చాలా ఏడ్చాను.

ఏడవకపోవడమే సమత్వమని, అంటే సుఖాన్నీ దుఃఖాన్నీ ఒకేలా తీసుకోవడమని, ఎవరైనా చెబితే నమ్మకు. గీత రెండో అధ్యాయం 14వ శ్లోకంలో సుఖదుఃఖాలు చలీ వేడీలా వచ్చిపోతాయి, ఓర్చుకో అన్నాడు కృష్ణుడు. అవి నిన్ను తాకవని అనలేదు. 18వ అధ్యాయంలో శరణు వేడమన్నాక అర్జునుడు విల్లు పక్కన పెట్టలేదు, నువ్వు చెప్పినట్టే చేస్తానన్నాడు. కాబట్టి డాక్టరు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చెయ్యి.

నేను చెప్పే అభ్యాసం ఒక్కటే, దాన్ని దుఃఖంతో మొదలుపెట్టకు. ఎవరైనా మెచ్చుకున్నప్పుడు, ఆ తీపి ఇంకా లోపల ఉండగానే, "ఇదీ నీదే స్వామీ" అనుకో. సంతోషాన్ని చంపుకోమనట్లేదు, హాయిగా నవ్వు. కష్టాన్ని దేవుడి నెత్తిన పెట్టడానికి అందరం ముందుంటాం, సుఖం దగ్గరే గుప్పిట బిగుస్తుంది. అలా బిగించడం అలవాటైన చెయ్యి కష్టం వచ్చిన రోజున అడిగినా తెరుచుకోదు.

రాత్రి పడుకునేముందు ఆ రోజు జరిగిన ఒక మంచీ, ఒక చెడూ ఒకే గొంతుతో ఆయనకు చెప్పు. నాకు గొంతు నిలవడానికి రెండేళ్లు పట్టింది. మీ పెద్దమ్మ మాట వచ్చిన రోజు ఇప్పటికీ వణుకుతుంది. అదీ ఆయనకే చెబుతాను.

అల్లుడుగారి రిపోర్టు వచ్చే వారం వస్తుందన్నావు. ఆ రోజు పొద్దున్నే నాకు ఫోన్ చెయ్యి. రిపోర్టు చేతికి రాకముందే.

మీ పెదనాన్న