ఒంటరి ఫోటాన్‌ను పట్టాలంటే

అమ్మాయీ,

లేజర్‌ను ఫిల్టర్లతో పల్చన చేస్తూ పోతే చివరికి ఒక్కో ఫోటాన్ (కాంతి కణం) మిగులుతుందని చాలామంది అనుకుంటారు. ఎంత పల్చన చేసినా వాటి రాక పాయిసాన్ లెక్క (యాదృచ్ఛిక రాకల గణితం) ప్రకారమే ఉంటుంది, అప్పుడప్పుడు రెండేసి వస్తూనే ఉంటాయి. అందుకే జంటలతో మొదలుపెట్టు. 405 నానోమీటర్ల లేజర్‌ను టైప్-1 బీబీఓ (బేరియం బోరేట్) స్ఫటికంలోకి పంపితే, ఎప్పుడో ఒక ఫోటాన్ చీలి 810 నానోమీటర్ల జంట పుడుతుంది. ఒకటి దొరికితే రెండోది బయలుదేరిందని కబురందినట్టే. స్ఫటికానికి తేమ తగలనివ్వకు.

గురి కుదర్చడానికే ఎక్కువ పొద్దు పోతుంది. ఫోటాన్లను లెక్కపెట్టే డిటెక్టర్ల నుంచి వాటిని మోసుకొచ్చే ఫైబర్లను ఊడదీసి, ఆ ఫైబర్లలోంచి 810కి దగ్గరి లేజర్‌ను వెనక్కి పంపు. ఆ రెండు చుక్కలూ స్ఫటికంలో పంప్ (405 లేజర్) పడే చోటే పడాలి. ఆ లేజర్ ఆపకుండా ఫైబర్ తిరిగి తగిలించావో, డిటెక్టర్ పోయినట్టే! గది దీపాలతోనూ అదే ప్రమాదం.

ముందు మూతలు పెట్టి డార్క్ కౌంట్లు (వెలుగు లేకున్నా డిటెక్టర్ చూపే లెక్క) రాసుకో. తర్వాత ఒక్కో డిటెక్టర్ కౌంట్ పెరిగిందని మురిసిపోకు. పరికరాల మీది చిన్న ఎల్ఈడీ వెలుగూ, ఫైబర్ తొడుగులోంచి దూరే కాంతీ అందులో కలుస్తాయి. నమ్మాల్సింది కోయిన్సిడెన్సులనే, అంటే రెండు డిటెక్టర్లూ ఒకేసారి పలికిన సందర్భాలనే. హాఫ్‌వేవ్ ప్లేట్‌ను (కాంతి ధ్రువణ దిశను తిప్పే పలక) 45 డిగ్రీలు తిప్పి పంప్ ధ్రువణాన్ని అడ్డం మార్చు. అప్పుడు కోయిన్సిడెన్సులు దాదాపు సున్నాకి పడిపోవాలి. పడకపోతే నువ్వు లెక్కపెడుతున్నవి జంటలు కావు.

అసలు కోయిన్సిడెన్సులే రాకపోతే కేబుళ్లు చూడు. మీటరుకు సుమారు 5 నానోసెకన్ల ఆలస్యం. ఒకటి 2 మీటర్లు పొడవైతే 10 నానోసెకన్లు తేడా, ఇరుకు విండో (రెండింటినీ 'ఒకేసారి' అని లెక్కించే సమయ వ్యవధి) దాన్ని పట్టదు. విండో వెడల్పు చేస్తే యాదృచ్ఛికాలు (జంట కాకున్నా అనుకోకుండా కలిసేవి) పెరుగుతాయి: రెండు వైపులా సెకనుకు 20,000 కౌంట్లు, మొత్తం విండో 5 నానోసెకన్లు అయితే, గుణిస్తే సెకనుకు 2. వాటిని తీసేశాకే మిగతా లెక్కలు చెయ్యి.

చివరి పరీక్షకు జంటలో ఒకవైపు కాంతి పాయను బీమ్ స్ప్లిటర్‌తో (కాంతిని రెండు దారులకు పంచే అద్దం) రెండుగా చీల్చి, ఒక్కో దారికి ఒక డిటెక్టర్ పెట్టు. కబురు కౌంట్లను (చీల్చని వైపు డిటెక్టర్ కౌంట్లు) మూడు డిటెక్టర్ల కోయిన్సిడెన్సులతో గుణించి, కబురు డిటెక్టర్ మిగతా రెండింటితో విడివిడిగా ఇచ్చే రెండు జంట కోయిన్సిడెన్సుల లబ్ధంతో భాగించు. ఒంటరి ఫోటాన్లే అయితే 0.5 లోపు రావాలి. మూడింటి కౌంట్లు పదే అయితే పొరపాటు 30 శాతానికి పైనే, వంద దాకా ఆగు. విలువ ఎక్కువగా వస్తే పంప్ శక్తి పెంచకు, తగ్గించు. శక్తి పెరిగితే ఒకే విండోలో రెండు జంటలు పడతాయి.