గిటార్ వచ్చినవాళ్లు బేస్ పట్టుకుంటే: మూడు టెక్ సందేహాలు

పదేళ్లుగా గిటార్ వాయిస్తున్నాను. ఈ మధ్యే బేస్ (మందమైన నాలుగు తీగల గిటార్) మొదలుపెట్టాను. ఫోన్‌లో లెర్నింగ్ యాప్, చెవుల్లో బ్లూటూత్ ఇయర్‌బడ్స్. ఎంత జాగ్రత్తగా వాయించినా యాప్ ‘లేట్’ అనే చూపిస్తోంది. గిటార్‌తో ఈ ఇబ్బంది ఎప్పుడూ లేదు. లోపం నా చేతిలో ఉందా?

ఇదే ఫిర్యాదు రకరకాల మాటల్లో వస్తూనే ఉంది. మీ చేతిని అనుమానించే ముందు ఆ ఇయర్‌బడ్స్ తీసి పక్కన పెట్టండి. ఫోన్ శబ్దాన్ని కుదించి పంపాలి, ఇయర్‌బడ్ దాన్ని విప్పి వినిపించాలి. ఇంతలో మామూలుగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. నిమిషానికి 120 బీట్లు నడిచే పాటలో బీట్‌కి 500 మిల్లీసెకన్లు, అందులో పావు వంతు 125. అంటే మీకు డ్రమ్ వినపడేసరికే పాట దాదాపు పావు బీటు ముందుకు వెళ్లిపోయింది. వీడియో చూసేటప్పుడు ఈ తేడా తెలియదు, ఎందుకంటే ప్లేయర్ బొమ్మను కూడా అంతసేపు ఆపి చూపిస్తుంది. మీ వేళ్లను అలా ఆపే సాఫ్ట్‌వేర్ లేదు.

గిటార్‌తో తెలియకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు: స్ట్రమ్ చేసినప్పుడు, అంటే తీగలన్నీ కలిపి మీటినప్పుడు, ఆరు తీగలూ ఒకదాని వెనుక ఒకటి మోగుతాయి. చిన్న తేడాలు అందులో కలిసిపోతాయి. బేస్‌లో ఒక్కటే నోట్, అది కిక్ డ్రమ్‌తో (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కలిసి పడాలి. అక్కడ దాక్కోవడానికి చోటుండదు.

వైరున్న హెడ్‌ఫోన్స్ వాడండి. కంప్యూటర్‌లో వాయిస్తుంటే ఆడియో ఇంటర్‌ఫేస్ (బేస్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మీద ‘ఇన్‌స్ట్రుమెంట్’ స్విచ్ నొక్కి, దాని సొంత డ్రైవర్ వేసుకుని, బఫర్‌ని, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శబ్దాన్ని, 128 శాంపిల్స్‌కి తగ్గించండి. సెకనుకు 48,000 శాంపిల్స్ రేటు దగ్గర ఆ బఫర్ వల్ల వచ్చే ఆలస్యం 2.7 మిల్లీసెకన్లే. యాంప్‌కి ఒక మీటరు దూరంలో నిలబడినా శబ్దం చెవికి చేరడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కదా. అదే బఫర్ 1024 ఉంటే 21 మిల్లీసెకన్లు దాటుతుంది, శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్లేటప్పుడూ తిరిగి వచ్చేటప్పుడూ కలిపితే వేళ్లకు బాగానే తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఫోన్లలో హెడ్‌ఫోన్ పోర్ట్ తీసేయడం సంగీతం నేర్చుకునేవాళ్లకు జరిగిన అన్యాయం. దానికి తోడు, బ్లూటూత్ కనెక్ట్ అయి ఉందని ఫోన్‌కి తెలుసు, ఆ సంగతి యాప్ కనుక్కోగలదు. అయినా ‘ఇది తీసేసి వాయించండి’ అని ఒక్క ముక్క చూపించకుండా మీకు మార్కులు తగ్గిస్తుంది. నేర్చుకునేవాడు తన మీద తాను నమ్మకం పోగొట్టుకునేది ఇలాంటి చోటే.

ఆ మార్కుల మీద నాకు ఇంకో అభ్యంతరం ఉంది. ఈ యాప్‌లు ఎక్కువగా చూసేది నోట్ ఎప్పుడు మొదలైందన్నదే. గిటార్ నుంచి వచ్చినవాళ్లు బేస్‌లో కొత్తగా నేర్చుకోవాల్సింది నోట్‌ని ఎప్పుడు ఆపాలన్నది. మెట్రోనోమ్ పెట్టుకుని ఒక నిమిషం రికార్డ్ చేసి, తెర మీద కనిపించే శబ్దం గీతను (వేవ్‌ఫామ్) పెద్దది చేసి చూడండి. నోట్ తోక తర్వాతి బీట్ మీదికి పాకుతూ కనిపిస్తుంది. మూడో తీగ మీద వాయిస్తున్నా, మందమైన నాలుగో తీగ వెనుక సన్నగా రొద పెడుతూనే ఉంటుంది. కుడిచేతి బొటనవేలు దాని మీద ఆనించి, ఎడమచేతి వేలిని తీగ మీంచి పూర్తిగా తీయకుండా కొద్దిగా వదులు చేస్తే ఆ రొదా, నోట్ తోకా పోతాయి. యాప్ పచ్చ టిక్ ఇచ్చిన వాయింపులో కూడా ఇది ఉండొచ్చు. నెలనెలా డబ్బు తీసుకునే యాప్ కంటే ఈ రికార్డింగ్ ఎక్కువ నేర్పుతుంది.

గిటార్‌కి చక్కగా పనిచేసే ట్యూనర్ యాప్ బేస్ నాలుగో తీగ దగ్గర పిచ్చిగా ఊగుతోంది. ఎందుకు?

ఆ తీగ 41.2 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 41.2 కంపనాలతో మోగుతుంది, గిటార్ ఆరో తీగలో సరిగ్గా సగం. ఒక్కో కంపనానికి 24 మిల్లీసెకన్లు పడుతుంది, కాబట్టి కొలవడానికి యాప్‌కి ఎక్కువ సమయం కావాలి. పైగా ఫోన్ మైక్‌ని తయారుచేసేది మాటల కోసం, ఇంత లోతైన శబ్దం దానికి సరిగా అందదు. పన్నెండో ఫ్రెట్ మీద వేలు తాకీ తాకనట్టు పెట్టి మీటండి. రెట్టింపు ఎత్తులో గంటలాంటి శబ్దం (హార్మోనిక్) వస్తుంది, 82.4 దగ్గర ముల్లు నిలబడుతుంది. బేస్ తల భాగానికి తగిలించే క్లిప్ ట్యూనర్ కంపనాన్నే పట్టుకుంటుంది కాబట్టి గదిలో చప్పుడున్నా ఫరవాలేదు. ట్యూనర్ యాప్‌కి మైక్ పర్మిషన్ చాలు. కాంటాక్ట్స్, లొకేషన్ అడిగితే వెంటనే తీసేయండి.

బేస్ యాంప్ ప్లగిన్ (కంప్యూటర్‌లోనే యాంప్ శబ్దం తెచ్చే సాఫ్ట్‌వేర్) ఖరీదెక్కువని స్నేహితుడు క్రాక్ చేసిన కాపీ లింక్ పంపాడు. ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపమని అందులో రాసుంది, ఆపాను. ప్లగిన్ బాగానే పనిచేస్తోంది. భయపడాల్సిందేమైనా ఉందా?

ఉంది. నన్ను అన్నిటికంటే టెన్షన్ పెట్టిన ఉత్తరం ఇదే. ప్లగిన్ పనిచేయడం భద్రతకు రుజువు కాదు. మీకు అనుమానం రాకూడదనే దాన్ని పనిచేయనిస్తారు. కాపలావాడిని మీరే ఇంటికి పంపి, ముక్కూమొహం తెలియని ప్రోగ్రామ్‌కి అడ్మిన్ హక్కులు ఇచ్చారు. ఇలాంటి ఫైళ్లలో తరచూ దాగి ఉండేవి బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లనూ లాగిన్ కుకీలనూ (మీరు లాగిన్ అయ్యారని సైట్ గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) ఎత్తుకుపోయే రకం. కుకీ చేతికి చిక్కితే చాలా సైట్లలో పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు, ఓటీపీ అడగదు. మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారని సైట్ అనుకుంటుంది. పని కాగానే తనను తాను చెరిపేసుకునేవీ ఉన్నాయి, కాబట్టి ఇప్పుడు స్కాన్‌లో ఏమీ దొరకకపోయినా నిశ్చింతగా ఉండకండి.

ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తీసేయండి. వేరే పరికరం నుంచి ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ నొక్కండి. మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లన్నీ రీసెట్ అయ్యేది ఆ మెయిల్ ద్వారానే. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగిలినవి. మీ రికార్డింగులు మాత్రం కాపీ చేసుకుని, ప్లగిన్లూ ఇన్‌స్టాలర్లూ ఏవీ దాచుకోకుండా డిస్క్ మొత్తం చెరిపి సిస్టమ్ మళ్లీ వేయండి. లింక్ పంపిన స్నేహితుడికీ ఇదే చెప్పండి, అతని కంప్యూటర్ పరిస్థితీ ఇంతే అయి ఉండొచ్చు.

నిజానికి మీకు ఆ ప్లగిన్ అవసరమే లేదు. స్టూడియోల్లో కూడా బేస్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి పెట్టి, కాస్త కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల తేడాను తగ్గించేది) వేసి రికార్డ్ చేయడం మామూలు. కంప్రెసర్ సాధారణంగా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే వస్తుంది. యాంప్ శబ్దమే కావాలంటే ఓపెన్ సోర్స్ ప్లగిన్లు ఉన్నాయి, వాటిని తయారీదారుల సొంత పేజీ నుంచే దించుకోండి. మొదటి కొన్ని నెలలు మాత్రం ఏ ఎఫెక్టూ లేకుండా వాయించండి. నాలుగో తీగ పెట్టే రొద అప్పుడే స్పష్టంగా వినపడుతుంది.